ప్యాడ్లు కొత్తవే, లైటు మాత్రం ఆరలేదు

పోయిన వారం శ్రీకాకుళం నుంచి వస్తుంటే మా సెకండ్ హ్యాండ్ కారులో బ్రేక్ ప్యాడ్ లైటు వెలిగింది. విజయనగరంలో తెలిసిన మెకానిక్ దగ్గర ముందు ప్యాడ్లు మార్పించేశాను. స్టార్ట్ చేస్తే ఆ పసుపు లైటు అలాగే ఉంది! డబ్బులిచ్చేశాక ఇదేం టెన్షన్ అనుకున్నా.

అతను పాత ప్యాడ్‌లోంచి చిన్న ప్లాస్టిక్ ముక్క ఊడదీసి చూపించాడు, అదే సెన్సర్. కొస అరిగిపోయింది, లోపల తెగిన రాగి తీగ రెండు చుక్కల్లా మెరుస్తోంది. ప్యాడ్ పలచబడేకొద్దీ చక్రంతో పాటు తిరిగే డిస్క్ ఈ తీగ దాకా వచ్చి కోసేస్తుందట. సర్క్యూట్ తెగితే లైటు.

"ఒకసారి తెగితే అంతే బాబూ, కొత్త సెన్సర్ వెయ్యాల్సిందే. రెండు తీగలూ కలిపేస్తే లైటు ఆరిపోతాది గానీ, రేపు ప్యాడ్లు అయిపోయినా చెప్పదు" అన్నాడు. ఆ కలిపేసే ఐడియా నాకూ వచ్చింది, అందుకే కిక్కురుమనలేదు.

మా పాత చిన్న కారుకి ఈ గొడవే లేదు. ప్యాడ్ అరిగితే ఒక రేకు డిస్క్‌కి రాసుకుని వీధి వీధంతా వినబడేలా కీచుమనేది.

సెన్సర్ విశాఖ నుంచి రావడానికి రెండు రోజులు. నిన్న బిగించాక లైటు ఆరింది. వైరు టైరుకి తగలకుండా క్లిప్పుల్లో ఇరికించడానికే పావుగంట పట్టింది.