కనుబొమ్మ మీది గీత

రేపు ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున వచ్చేటప్పుడే హనుమకొండ చౌరస్తా దగ్గర తంగేడు, గునుగు కట్టలు దిగి ఉన్నాయి. గునుగు కట్ట యాభై అంది పూలమ్మే ఆమె. సాయంత్రానికి పెరుగుతుందని తెలుసు, అయినా కొనలేదు. పొద్దంతా మా ఫోటో స్టూడియోలో మూలకు పడేస్తే ఇంటికి చేరేసరికి తలలు వాల్చేస్తాయి.

అన్న అప్పటికే షట్టర్ తీసి, నా సిస్టం కూడా ఆన్ చేసి పెట్టాడు. అంటే అర్జంట్ పని ఉందన్నమాట. ఫోటో తీసేది అన్న, సిస్టంలో దాన్ని దిద్దేది నేను.

పద్నాలుగు ఫోటోలు. ఊళ్లోని ఒక ఫైనాన్స్ ఆఫీసు స్టాఫ్‌వి. హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చిందట: అందరికీ ఒకే లేత బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి, తలలు ఒకే సైజులో ఉండాలి, బ్లేజర్ తప్పనిసరి. ఈ ఎండలకు బ్లేజర్ ఎవరి దగ్గర ఉంటుంది? మా స్టూడియోలో మేకుకు వేలాడే నల్లది ఒక్కటి ఉంది, నలభై రెండు సైజుది. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది అదే తొడుక్కున్నారు. సన్నగా ఉన్నవాళ్లకు అన్న వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగిస్తాడు. లావుగా ఉన్నవాళ్లకు బొత్తాం పెట్టకుండా వదిలేస్తాడు. భుజాల దగ్గర మిగిలే ఉబ్బు సంగతి నేను చూసుకోవాలి. ఫోటోషాప్‌లో ఆకారాన్ని అటూ ఇటూ జరిపే లిక్విఫైలో పెద్ద బ్రష్ పెట్టి మెల్లగా లోపలికి తోస్తే కుదురుతుంది. తొందరపడి తోస్తే వెనక గోడ కూడా వంగుతుంది. మన దగ్గర గోడ సాదాగా ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

టై కూడా ఒక్కటే, మెరూన్‌ది. దాన్ని సెలెక్ట్ చేసి హ్యూ, అంటే రంగు, మార్చి ఒకరికి నీలం, ఒకరికి ముదురు ఆకుపచ్చ చేశాను. చారలు మాత్రం అందరికీ అవే. ఆ ఆఫీసులో ఎవరైనా పని లేక తొమ్మిది ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే దొరికిపోతాం.

అసలు విసుగంతా నలుసులతో. నల్ల బట్ట మీద దూది, దుమ్ము, ఎవరిదో తెల్ల వెంట్రుక. కంటికి కనబడనివి కెమెరాకు కనబడతాయి. చుక్కలు చెరిపే స్పాట్ హీలింగ్‌తో ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చుంటే బియ్యంలో రాళ్లు ఏరినట్టే ఉంటుంది. షూటింగ్‌కి ముందు ఒక్కసారి బ్రష్ కొట్టమని అన్నకు నాలుగేళ్లుగా చెబుతున్నాను.

వీళ్లలో ఒకతను నిన్న వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ వినట్లేదని చూసుకుని, "మేడం, కొంచెం తెల్లగా కొట్టుండ్రి" అన్నాడు. రోజూ ఒకరైనా అంటారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత గమనించింది ఏంటంటే, వాళ్లలో సగం మంది తెలుపు అడగడం లేదు. ఫోటోలో ముఖం ఒక పక్క నీడలో పడి, దాని మీద ట్యూబ్‌లైట్ పసుపు కలిసి, కామెర్లొచ్చినట్టు కనబడుతుంది. ఆ పసుపు తీసి, వెలుగునీడలు సర్దే కర్వ్స్‌లో నీడను కాస్త లేపితే చాలు, "ఆఁ, గిట్లనే కావాలె" అంటారు. చర్మం రంగు ముట్టుకోను. ముట్టుకుంటే చెవులు పట్టిస్తాయి. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లాడు మొన్న ఒక పెళ్లికొడుకు ముఖం తెల్లగా చేసి చెవులు మర్చిపోయాడు. ఎవరివో రెండు చెవులు తెచ్చి అతికించినట్టు ఉంది పాపం.

పన్నెండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ అంటుంటే సేవ్ చేసి చాయ్ తాగాం. నాన్న గురించి అన్న కబుర్లు తీశాడు. నాన్న వర్ధన్నపేటలో స్టూడియో పెట్టిన రోజుల్లో టచింగ్ అంటే, అదే ఫోటోను దిద్దడమంటే, పెన్సిల్ పనే. ఏటవాలు చెక్క డెస్కు, దానికి గాజు పలక, కింద నుంచి వెలుతురు, పలక మీద నెగెటివ్. ముఖంలో ముడత ఉన్న చోట నెగెటివ్ పల్చగా, అద్దంలా ఉంటుంది. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో అక్కడ చిన్న చిన్న చుక్కలు పెట్టి నింపితే ప్రింట్‌లో ముడత తేలికపడుతుంది. నలుపును తెలుపు చేయాలంటే నలుపు పూయాలి! చిన్నప్పుడు నాకు ఎంత చెప్పినా బుర్రకెక్కేది కాదు. చేయి జారితే కంట్రోల్ జెడ్ లేదు మరి. ఫోటోషాప్ 1990లో వచ్చినా నాన్న దాకా రావడానికి పుష్కరం పట్టింది. 2002లో వచ్చిన 7.0 వెర్షన్‌తోనే, మచ్చను చుట్టూ ఉన్న చర్మంలో కలిపేసే హీలింగ్ బ్రష్ వచ్చింది. నాన్న దాన్ని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మన దగ్గర కొన్ని స్టూడియోల్లో ఆ 7.0 ఇప్పటికీ నడుస్తూనే ఉంది, అది వేరే కథ.

నాకంటూ ఒక లెక్క ఉంది. పదిహేను రోజుల్లో దానంతటదే పోయేది తీసేస్తాను: మొటిమ, షేవింగ్ గాటు, నిద్ర లేక వచ్చిన కంటి ఎరుపు. పోనిది ఉంచుతాను: పుట్టుమచ్చ, పాత గాయం, నవ్వితే పడే గీత. కంటి కింద నలుపు మాత్రం పూర్తిగా తీయను, సగానికి తగ్గిస్తాను. ఈ లెక్క మీద నాకు బాగా నమ్మకం. ఇవాళ మధ్యాహ్నం దాకా.

మధ్యాహ్నం పట్టుకున్నది జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజలు తీసే మిల్లు, పెద్దాయన ఫోటో. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి కొత్త పత్తి రావడం మొదలవుతుంది కదా, ఆలోపు బ్రోచర్ కొట్టించాలని ఆయన కూతురు తొందర పెడుతోంది. ఆయనకు డెబ్బైకి దగ్గరుంటాయి. తెల్ల చొక్కా, బ్లేజర్ వద్దన్నాడు. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో. అంటే ఇలాంటి ముఖాలు ఇక యాభై దాటినవాళ్లవే. నేను వారానికి ఒకటి చూసేదాన్ని, ఇప్పుడు ఏడాదికి రెండు మూడు.

"నాన్న మచ్చలు మొత్తం తీసెయ్యక్కా, బ్రోచర్ల మంచిగుండాలె" అని చెప్పి వెళ్లింది కూతురు. నేను భోజనానికి లేచిన పది నిమిషాల్లో మా పిల్లాడు ఉత్సాహంగా స్కిన్ స్మూతింగ్ ఫిల్టర్ కొట్టి చూపించాడు. ఒక్క క్లిక్. ముఖం అరిగిన సబ్బు బిళ్లలా తయారైంది. దాని మీద రెండు కళ్లు, ఒక మీసం. "అక్కా, నలభై ఏండ్లోని లెక్క ఉన్నడు" అన్నాడు. ఉన్నాడు, కానీ ఎవరు?

అది పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టాను. ఇలాంటి ముఖాలకు ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేస్తాను. ఫోటోను రెండు లేయర్లుగా, అంటే పొరలుగా, విడదీయడమే అది. కింది లేయర్‌కి బ్లర్ కొట్టి రంగు, వెలుగునీడలు మాత్రం ఉంచుతాం. పై లేయర్‌లో చర్మం రంధ్రాలు, వెంట్రుకలు, గరుకుతనం ఉంటాయి, దాన్ని కింది లేయర్‌తో కలిసేలా లీనియర్ లైట్ అనే మోడ్‌లో పెడతాం. గుంట మచ్చ కొట్టొచ్చినట్టు కనబడేది ఎక్కువగా దాని నీడ వల్లే. కింది లేయర్‌లో ఆ నీడను పక్క రంగుతో కలిపేస్తే మచ్చ మచ్చగానే ఉంటుంది, కానీ చూపు అక్కడ ఆగదు. కళ్ల మీదికి పోతుంది. గంటన్నర పట్టింది. మూడు వందల శాతం జూమ్‌లో చంద్రుడి మీద నడిచినట్టు ఉంటుంది. మధ్యమధ్యలో జూమ్ తగ్గించి మనిషి కనబడుతున్నాడో లేదో చూసుకోవాలి. చివర్లో కాలర్ సర్దాను, చెవి మీద వెంట్రుకలు తీశాను, ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు రాలిన సందు ఉంటే పక్కనున్నదాన్ని తెచ్చి అతికించే క్లోన్ స్టాంప్‌తో నింపాను. అరనిమిషం పని.

నాలుగింటికి పెద్దాయన ఒక్కడే వచ్చాడు, ప్రూఫ్ చూడటానికి. కళ్లద్దాలు పైకి నెట్టి, మానిటర్‌కి జానెడు దూరంలో ముఖం పెట్టి చూశాడు. మచ్చలు ఎందుకు తగ్గించావంటాడా, ఎందుకు ఉంచావంటాడా అని నాకు టెన్షన్. రెండూ అనలేదు. వేలు తెచ్చి స్క్రీన్ మీద ఎడమ కనుబొమ్మకు ఆనించాడు.

"గీడ గీత ఉండాలె గద బిడ్డా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. తిరిగి ఆయన ముఖం చూస్తే కనుబొమ్మను నిలువుగా కోసినట్టు సన్నటి గీత. పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాయనతో బండి మీద పత్తి వేసుకుని వరంగల్ వస్తుంటే, దారిలో ఎద్దుకు నీళ్లు పెట్టేటప్పుడు కొమ్ము తగిలిందట. "ఇంకో ఇత్తంత కిందికి తగిలితే కన్ను పోతుండె" అన్నాడు.

"వెంట్రుకలు రాలినయేమో అనుకున్న బాపూ" అన్నాను. పోనిది ఉంచుతాను అని పొద్దున అంత గొప్పగా అనుకున్నదాన్ని, ఆ మచ్చలన్నీ గంటన్నర కాపాడి, ఈ ఒక్కదాన్ని చూడనేలేదు.

"మరి ఈ మచ్చలు గిట్ల ఉంటే పర్వాలేదా?" అని అడిగాను.

"అమ్మోరు మా ఊళ్లె అందరికి పోసింది బిడ్డా. గిది నా ఒక్కనిదే."

అదృష్టం ఏంటంటే క్లోన్ చేసింది వేరే లేయర్ మీద. ఆ చోట ఇరేజర్ పెట్టి రుద్దితే కింద అసలు కనుబొమ్మ అలాగే ఉంది. గీత తిరిగి వస్తుంటే ఆయన వంగి చూస్తూనే ఉన్నాడు. వచ్చాక, "ఆ" అన్నాడు. చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆరున్నరకు షట్టర్ దించబోతుంటే కూతురి ఫోన్. వాట్సాప్‌లో ప్రూఫ్ చూసిందట. "అక్కా, అంతా మంచిగొచ్చింది, కని కనుబొమ్మ మీద ఏదో గీత కనబడ్తుంది, గది తీసెయ్యరాదు?" నాన్నగారే పెట్టించారని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆయనకు గిసోంటియి తెల్వదక్కా, బ్రోచర్ చూసేది బయటోళ్లు కదా" అంది. డబ్బులిచ్చేది ఆమె. ముఖం ఆయనది. అన్న వైపు చూస్తే అన్న తాళాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

మళ్లీ సిస్టం ఆన్ చేసి, గీత ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, రెండు ఫైళ్లూ పంపించాను. రెండోదానికి పేరు పెట్టడానికి ఏమీ తోచక వట్టి 2 అని పెట్టాను.

చౌరస్తాకు వచ్చేసరికి గునుగు కట్ట ఎనభై అయ్యింది. రెండు కొన్నాను. ఇంట్లో గునుగుకు అద్దే గులాబీ రంగు ఉంది, పచ్చ రంగు అయిపోయింది.