జలుబు మాత్రతో మొదలై యూరిన్ బ్యాగ్ దాకా వచ్చింది, నా అనుభవం

మాది ఒడిశాలో పర్లాకిమిడి, బట్టల షాపు. నాకు అరవై దాటాయి. రాత్రిళ్ళు లేవడం, ధార సన్నగా రావడం, అయిపోయింది కదా అని బయటికొచ్చాక లుంగీ మీద మళ్ళీ రెండు చుక్కలు పడడం, ఇవన్నీ కొన్నేళ్ళుగా ఉన్నవే. మొన్న చలికాలం ముక్కు దిబ్బడేసి ఊపిరాడకపోతే మందుల షాపులో జలుబు మాత్రలిచ్చారు, వేసుకున్నా, జలుబు తగ్గింది గానీ ఆ రాత్రి నుంచి ఒక్క చుక్క మూత్రం రాలేదు.

రావట్లేదంటే మామూలుగా రాకపోవడం కాదు. పొత్తికడుపు ఉబ్బి, ముట్టుకుంటే ప్రాణం పోయేలా ఉంది, నిలబడలేను, కూర్చోలేను. కుళాయి తిప్పి ఆ చప్పుడు వింటూ నిలబడ్డా, వేణ్ణీళ్ళు పోసుకున్నా, లాభం లేదు. మా ఆవిడ పాపం బార్లీ కాచి తెచ్చింది, "తాగండి, అదే వచ్చేస్తుంది" అని. కిందకి దారే లేనప్పుడు పైనుంచి పోస్తే ఇంకా ఉబ్బుతుంది తప్ప ఏమీ రాదండీ, ఆ టైంలో దయచేసి ఎవరికీ నీళ్ళు పట్టించొద్దు, తిన్నగా ఆసుపత్రికి తీసుకుపోండి.

తెల్లారకుండానే మా అబ్బాయి బండి మీద తీసుకెళ్ళాడు. సిస్టర్ నా మొహం చూసి "పరిస్రా బంద్?" (ఒడియాలో మూత్రం ఆగిపోయిందా అని) అంది, అవునన్నా, ఇంకేం అడగలేదు. మత్తు జెల్లీ పెట్టి పైపు వేస్తుంటే కంపౌండర్ "బిగబట్టకండి బాబూ, దగ్గండి" అంటాడు, దగ్గా, చురుక్కుమంది, అంతే, బ్యాగులోకి గలగలా దిగింది. దాదాపు లీటరు! మామూలుగా బ్లాడర్ (మూత్రాశయం) పట్టేది 400, 500 మి.లీ. అంట. ఆ క్షణంలో ఆ కంపౌండర్ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, నిజం.

డాక్టరు చెప్పింది ఏంటంటే, నాకు ప్రోస్టేట్ (మగవాళ్ళకి బ్లాడర్ కింద ఉండే గ్రంథి) ముందే వాచి దారి ఇరుకైపోయి ఉంది, దాని మీద ఈ మాత్ర పడింది. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ లాంటివి బ్లాడర్ మెడ దగ్గర కండరాన్ని కూడా బిగించేస్తాయట, అందులోనే ఉండే క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి బ్లాడర్ పిండే బలాన్ని తగ్గిస్తాయట. రెండూ ఒకే మాత్రలో ఉంటాయి, మా వైపు చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. షాపు అబ్బాయికి ఏం తెలుసు, అడిగేవాడు ముసలాడా కుర్రాడా అని కూడా చూడడు.

పైపు బయటికి జారిపోకుండా లోపల చిన్న బెలూన్ ఉంటుంది, దాంట్లో 10 మి.లీ. దాకా నీళ్ళు ఎక్కిస్తారు, కాబట్టి పట్టుకు లాగకూడదు. బ్యాగ్ ఎప్పుడూ పొట్ట కన్నా కిందే ఉండాలి, పైకెత్తితే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇది చెప్పినంత తేలిక కాదు, మంచం మీద పడుకున్నప్పుడు ఒక తంటా, షాపులో పరుపు మీద కూర్చున్నప్పుడు ఇంకో తంటా. మధ్యమధ్యలో బ్లాడర్ పట్టేసినట్టు నొప్పొచ్చి పైపు ఉండగానే వచ్చేస్తున్నట్టు అనిపిస్తుంది, మొదటిసారి కంగారుపడ్డా, అది మామూలేనన్నారు.

ఆ బిగిసిన కండరాన్ని వదులు చేసే టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. మాత్ర మొదలెట్టి, కొన్నాళ్ళకి పైపు తీసి చూశారు. వచ్చింది! సంతోషంగా ఇంటికి ఫోన్ కూడా చేసేశా, కానీ స్కానింగ్‌లో చూస్తే లోపల ఇంకా 300 మి.లీ. పైన ఉండిపోయింది, మళ్ళీ పైపు. కొంచెం కొంచెం వస్తుందంటే ఖాళీ అయిపోతున్నట్టు కాదన్నమాట, నిండిన గిన్నె అంచు మీంచి పొర్లినట్టు పైపైనే పోతుంటుంది, లోపల నిల్వ ఉన్నది కిడ్నీల మీద పడుతుంది.

తర్వాత వైజాగ్‌లో యూరాలజిస్ట్ దగ్గరికెళ్ళాం. బస్సు వద్దన్నా, గుణుపూర్ నుంచి వచ్చే పాసింజరే ఎక్కాం, ఆలస్యమైనా అందులో బాత్రూముంది, బ్యాగ్ ఖాళీ చేసుకోవచ్చు. లుంగీ మడతలో బ్యాగ్ దాచుకుని కూర్చుంటే, ఎదురుగా టెక్కలిలో ఎక్కినాయన "ఏంటి బాబూ, ప్రోస్టేటా?" అని ఇట్టే కనిపెట్టేసి వాళ్ళ బావమరిది ఆపరేషన్ కథ ఆముదాలవలస దాకా చెప్పాడు.

ఈసారి పైపు తీశాక నిల్వ 90 మి.లీ.కి వచ్చింది, ఇక పైపు అక్కర్లేదన్నారు. యూరోఫ్లో అని ఒక టెస్టు, గరాటు లాంటి దాంట్లో పోస్తే మెషిన్ గ్రాఫ్ గీస్తుంది. కనీసం 150 మి.లీ. అయినా పోస్తేనే లెక్కకొస్తుంది, అందుకని నీళ్ళు తాగించి కూర్చోబెడతారు, తీరా రమ్మనేసరికి బయట మనుషుల మాటలు వినపడుతుంటే నాకు రాదు! సిస్టర్ "కంగారేం లేదు, కాసేపాగి రండి" అంది, ఆ తర్వాతే అయింది. సెకనుకి 11 మి.లీ. వచ్చింది, 15 పైన ఉంటే మంచిదట, 10 కన్నా తగ్గితే అడ్డు ఉన్నట్టే అనుకుంటారు, నేను మధ్యలో ఉన్నా. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష మాత్రం అప్పుడే వద్దన్నారు, పైపు వేసిన కొత్తలో అది ఊరికే ఎక్కువ చూపిస్తుందట, కొన్ని వారాలాగి చేయించాం, నార్మల్.

ఇప్పుడు ఒకసారి పోసొచ్చి, కాసేపాగి మళ్ళీ పోస్తా, రెండోసారి ఎంతోకొంత వస్తుంది. సాయంత్రం ఆరు దాటాక టీ మానేశా, ఇది మాత్రం చాలా కష్టం. మాత్ర భోజనం అయ్యాకే వేసుకోవాలి, వేసుకున్నాక గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. మళ్ళీ మూత్రం ఆగితే దూర్బీన్ ఆపరేషన్ (మూత్రం దారిలోంచే దూర్బీన్ పంపి ప్రోస్టేట్‌కి చేసేది) చేద్దామన్నారు. ఆంధ్రా ఆరోగ్యశ్రీ మా ఒడిశా వాళ్ళకి రాదు, కానీ 2025లో ఇక్కడ కూడా ఆయుష్మాన్ కార్డు వచ్చింది, లిస్టులో ఉన్న ఆసుపత్రి అయితే వేరే రాష్ట్రంలోనైనా చెల్లుతుంది, మా అబ్బాయి ఆ పని మీదే తిరుగుతున్నాడు.

ఇంకోటి, నాకు కుడికంట్లో శుక్లం ఉంది. టామ్సులోసిన్ వాడేవాళ్ళకి శుక్లం ఆపరేషన్లో కంటిపాప సరిగ్గా విచ్చుకోదట, మాత్ర ఆపేసినా ఆ ప్రభావం ఉండొచ్చట. అందుకని కళ్ళ డాక్టరుకి ముందే చెప్పా, ఆయన ఫైలు మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాసుకున్నాడు.