మిలిటరీ కాక మోటర్ దుకాణం

మన బడి గేటుకు ఎదురుగా, రోడ్డు దాటితే కనబడే వైండింగ్ దుకాణం, అంటే కాలిన మోటర్లకు కొత్త తీగ చుట్టే దుకాణం, మిలిటరీ కాకది. ఆయన ఇప్పుడు లేరు. ఆయనా ఈ బడి పిల్లవాడే, మనకంటే చాలా ముందు. తండ్రి ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. పదో తరగతి కాగానే సికింద్రాబాద్ తిరుమలగిరిలోని ఈఎంఈ (సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) సెంటర్లో చేరారు. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకొని, జబల్‌పూర్ 506 ఆర్మీ బేస్ వర్క్‌షాపులోనూ సరిహద్దు యూనిట్లలోనూ చేసి, హవల్దారుగా పింఛను తీసుకొని హన్మకొండకు తిరిగొచ్చారు. మన బడి ఈ సంచికలో డాక్టర్లైన వాళ్ల గురించి, ఇంజినీర్లైన వాళ్ల గురించి ఎవరో ఒకరు తప్పక రాస్తారు. కాక పనితనం కూడా అచ్చులో ఉండాలి.

బండి ఎక్కడ ఆగితే వీలైనంతవరకు అక్కడికే పోయి బాగుచేయాలి, వెనక్కి మోసుకురావడం ఆఖరు మాట అనేది ఈఎంఈలో నేర్పే పద్ధతి. కాక దాన్ని హసన్‌పర్తి, పరకాల, నర్సంపేట వైపు బాయిల కాడికి తెచ్చారు. కాలిన మోటర్ ఆటోలో వేసుకొని వచ్చిన రైతుతో ఆయన మొదటి మాట ఒక్కటే: "స్టార్టర్ డబ్బ మూత తీసి చూసినవా బిడ్డా?" కాలిన కారణం బాయి కాడనే ఉంటుంది. అది అట్లనే ఉంటే కొత్త వైండింగ్ కూడా వారం తిరగకముందే కాలుతుందని ఆయన నమ్మకం. అందుకే సైకిల్ మీదైనా పోయి ఫ్యూజులు, రిలే (కరెంటు హద్దు దాటితే మోటరును ఆపేది), కేబుల్ చూసి వచ్చాకే పని మొదలుపెట్టేవారు.

కాలిన చుట్టలను చూసి కారణం చెప్పడం ఆయన అసలు విద్య. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల చుట్టల చివరలు ఒక్కచోట కలిపినది) మోటర్లో రెండు ఫేజుల చుట్టలు నల్లబడి మూడోది తళతళలాడుతుంటే, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక ఫ్యూజు పోయి మోటర్ రెండు ఫేజుల మీద నడిచిందన్నట్టు. డెల్టా (చుట్టలను త్రికోణంలా ఒకదానికొకటి కలిపినది) అయితే అదే తప్పుకు ఒక్క ఫేజే మాడుతుంది. మూడూ ఒకే తీరున నల్లబడితే లో వోల్టేజీ, లేదా పంపు బిగుసుకొని పడిన బరువు. ఒక్క స్లాట్ (చుట్ట కూర్చునే గాడి) దగ్గర మాత్రమే మచ్చ ఉంటే తీగ మీది పూత లేచి చుట్లు ఒకదానికొకటి తగిలాయని. ఐదు హెచ్‌పీ మోటరు పూర్తి బరువు మీద ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. రిలేను అక్కడే పెట్టాలి. మాటిమాటికి ట్రిప్ అవుతుందని రైతులు దాన్ని పన్నెండుకో పద్నాలుగుకో తిప్పేవారు. ఇక ఆ రిలే ఉన్నా లేనట్టే. యాసంగిలో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, దుకాణం ముందు మోటర్ల వరుస ఉండేది ఎక్కువగా ఇందుకే.

మోటరును దానంతటదే లేపే ఆటో స్టార్టర్లంటే ఆయనకు గిట్టేది కాదు. రోజుకు కొన్ని గంటలే కరెంటు ఉన్న రోజుల్లో, కరెంటు రాగానే ఆ లైన్ మీది మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి. స్టార్టింగులో ఒక్కో మోటరూ మామూలుకు ఐదారింతలు లాగుతుంది. వోల్టేజీ కుంగిపోతుంది, మోటర్ వేగం అందుకోలేక గుయ్యిమని మూలుగుతూ కాలుతుంది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక, తన దగ్గరికి వచ్చిన ప్రతి రైతు ఆటో స్టార్టరును పైసా తీసుకోకుండా విప్పి ఇచ్చారు.

పనిలో ఆయన క్రమం మారేది కాదు. పాత తీగ తీసే ముందు స్లాట్లెన్ని, ఒక్కో చుట్టలో చుట్లెన్ని, పిచ్ (చుట్ట ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు పోతుందో) ఎంత, కనెక్షన్ ఏది అన్నీ నోటుబుక్కులో ఎక్కాలి. 24 స్లాట్ల రెండు పోళ్ల మోటరైతే లోపలి చుట్ట 1 నుంచి 10కి, బయటిది 1 నుంచి 12కి పోతుంది. తీగ మందం మైక్రోమీటరుతో కొలిచేది ఎనామిల్ గీకేశాకే. పూతతో కొలిస్తే గేజ్ (తీగ మందం నంబరు, అది పెరిగితే తీగ సన్నం) తప్పు పడుతుంది. 19 నంబరు తీగ దొరక్కపోతే 22 నంబరు రెండు పోగులు కలిపి చుట్టొచ్చు, రాగి దాదాపు అంతే వస్తుంది: 0.81 చదరపు మిల్లీమీటర్లకు 0.79. దాని బదులు 20 నంబరు ఒక పోగు వేస్తే రాగి అయిదో వంతు తగ్గుతుంది, మోటర్ వేడెక్కుతుంది. రైతుకు కంటికి కనబడని మోసం అదేనని కాక కోపగించేవారు. పాత తీగను కొందరు నిప్పు పెట్టి కాల్చి తీస్తారు. ఆయన ఒప్పుకునేవారు కాదు. ఎక్కువ వేడికి స్టాంపింగుల (పలచని ఇనుప రేకుల) మధ్య పూత కాలిపోతే, ఎంత మంచి వైండింగ్ వేసినా స్టేటరే (చుట్టలుండే, తిరగని భాగమే) వేడెక్కుతుంది. ఒకవైపు ఉలితో కోసి, రెండోవైపు నుంచి ఓపికగా గుంజాల్సిందే.

బోరులో మునిగి నడిచే, నీళ్లు నింపే సబ్‌మెర్సిబుల్ మోటర్లకు ప్లాస్టిక్ పూత తీగ. దాన్ని స్లాటులోకి కుక్కకూడదు, సూదిలో దారంలా ఒక్కో చుట్టూ దూర్చాలి. గీత పడితే అంతే. అయ్యాక స్టేటరును రాత్రంతా నీళ్లలో ముంచి, పొద్దున 500 వోల్టుల మెగ్గర్ (పూత కరెంటును ఎంత ఆపుతుందో కొలిచే పరికరం) పెట్టి చూసేవారు. పది మెగోమ్‌లకు తగ్గితే ఇచ్చేది లేదు. బోరులో దింపేటప్పుడు కేబుల్ మూడు జాయింట్లూ ఒకే ఎత్తులో రాకుండా జరిపి టేపు చుట్టాలి, మోటర్లో గాలి పోయేదాకా మంచినీళ్లు నింపాలి. దింపాక నీళ్లు పలచగా వస్తే మోటర్ తిరగబడి తిరుగుతుందేమో చూడాలి, రెండు ఫేజులు మారిస్తే సరిపోతుంది.

ఆ దుకాణంలో ఇల్లంతా ఉండేది. స్లాట్ కాగితాన్ని కొలతకు కోసి చివరలు మడిచేది కాక భార్య, మా చిన్నమ్మ. ఆ మడత తప్పితే స్లాట్ అంచుకు తీగ ఒరుసుకొని కరెంటు మోటరు ఇనుముకు దిగి ఎర్త్ అవుతుంది కనుక ఆ పని ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. ఇద్దరు బిడ్డలూ మన బడిలోనే చదివారు. రాత్రి ఏడు దాటితే కాక పని ముట్టేవారు కాదు, పిల్లల లెక్కల పుస్తకాల ముందు కూర్చునేవారు. బతుకమ్మకు తంగేడు, గునుగు తానే పోయి కోసుకొచ్చేవారు.

మాజీ సైనికుల ఇళ్లలో ఆయన చేసిన సాయం బయటికి తెలియదు. సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో భార్య పేరు, పుట్టిన తేదీ ఒక తీరు, ఆధార్లో ఇంకో తీరు ఉండడమే పెద్ద చిక్కు. మనిషి పోయాక ఫ్యామిలీ పింఛను ఆగేది అక్కడే. బతికుండగానే సరిచేయించుకొమ్మని వెంటపడి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడుపోయేవారు. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ గుర్తుచేసేవారు. తన కాగితాలు ముందే ఒక ఫైల్లో కట్టి, చిన్నమ్మకు వరుస చెప్పి ఉంచారు. ఆయన పోయాక ఆమె పింఛనుకు ఎక్కడా కొర్రీ పడలేదు.

దుకాణం ఇప్పుడు పాలిటెక్నిక్ చదివిన పెద్దబిడ్డ నడుపుతోంది. కాక నోటుబుక్కులన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. ఏ ఊరి మోటరు ఎందుకు కాలిందో చివరి గడిలో రాసే అలవాటును ఆమె మానలేదు.