సర్వీసింగు కోసం రేవు దాటే మనిషిని

మా ఇంటికి పావుగంట దూరంలో బండ్ల షోరూము ఉంది. అయినా సర్వీసింగు అనగానే నేను సఖినేటిపల్లి రేవుకు వెళ్లి, బండ్లనూ మనుషులనూ ఏరు దాటించే పంటు మీదకు బండిని ఎక్కించి, గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం వెళ్తాను. పంటు మీద ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: “ఇంటి పక్కన షోరూము పెట్టుకుని గోదావరి దాటడం ఏమిటండీ?” అవతలి ఒడ్డు చేరేలోగా చెప్పగలిగేంత చిన్న కథ కాదది.

నాకు ఎకరంన్నర రొయ్యల చెరువు ఉంది. తెల్లవారుజామున ఒకసారి, అర్ధరాత్రి నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడడానికి మరొకసారి గట్టు మీదకు వెళ్లాలి. వెనక సీటు మీద మేత బస్తా, ట్యాంకు మీద డీజిలు డబ్బా. కింద ఉప్పునీటి బురద, పైన సముద్రపు గాలి. అలా నడిచే బండికి షోరూము గుమ్మం దాటిన రోజు పెద్ద రోజు కాదు, తరువాత వచ్చే రోజులన్నీ పెద్దవే. 2016లో మొదటి బండి కొన్నప్పుడు ఈ సంగతి నాకు తెలియదు.

ఆ బండి దగ్గరి షోరూములోనే కొన్నాను. వంద సీసీది. మెడలో దండ వేశారు, శాలువా కప్పారు, మిఠాయి పెట్టె చేతిలో పెట్టారు, అట్టతో చేసిన మూరెడు తాళం చెవి ఇచ్చి ఫొటో తీశారు. అత్తవారింట్లో కూడా నాకంత మర్యాద జరగలేదని ఇంటికి వచ్చి అన్నందుకు మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రసీదులు ముందేసుకుని కూర్చుంటే మర్యాద ఖరీదు తెలిసింది. ఆన్‌రోడ్ ధర అని వాళ్లు ఒకే అంకె చెప్పారు, నేనూ ఒకే అంకెకు తల ఊపాను. ఇప్పుడు విడదీసి చూస్తే అందులో హ్యాండ్లింగ్ చార్జీలని ఒక పద్దు ఉంది. నేను అడగని సీటు కవరు ఉంది, క్రాష్ గార్డు ఉంది. హెల్మెట్‌కు విడిగా డబ్బు పట్టుకున్నారు. కొత్త ద్విచక్ర వాహనంతో పాటు తయారీదారే హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చెబుతోంది. ఆ విషయం నాకు తెలిసేసరికి ఆ హెల్మెట్ అట్టలు లేచిపోయింది.

డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. మొదటి సర్వీసింగుకు ఉదయం ఇచ్చిన బండి సాయంత్రానికి అద్దంలా మెరుస్తూ వచ్చింది. బిల్లులో ఇంజిన్ ఆయిలు మార్చినట్టు రాసి ఉంది. ఇంటికి వచ్చి, ఇంజిన్ చల్లారాక ఆయిలు పుల్ల తీసి తెల్ల గుడ్డకు తుడిస్తే కాటుకలా అంటుకుంది. మర్నాడు ఆ గుడ్డ పట్టుకునే వెళ్లాను. “కొత్త బండికి అలాగే ఉంటుందండి” అన్నారు. అన్నది నాకు శాలువా కప్పిన మనిషే. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఊళ్లో వేపచెట్టు కింద మెకానిక్కే ఆ తరువాత నాలుగైదేళ్లు ఆ బండిని లాక్కొచ్చాడు.

నరసాపురం షోరూముతో నా పరిచయం అమ్మకంతో మొదలు కాలేదు. 2021లో ఒక రోజు చెరువుకు మందులు తేవడానికి అవతలి ఒడ్డుకు వెళ్లి తిరిగి వస్తుంటే దారిలో గొలుసు తెగింది. బండిని తోసుకుంటూ మొదట కనిపించిన షోరూములోకి వెళ్లాను. వాళ్లది వేరే కంపెనీ. పొమ్మంటారనే అనుకున్నాను. లోపలి నుంచి నడివయసు మెకానిక్కు ఒకాయన వచ్చి, గొంతుక్కూర్చుని, పాడైన లంకె తీసేసి, లాకు వేసి కలిపాడు. చేతులు తుడుచుకుంటూ, “ఇంటికి చేరుతారండి, అంతకు మించి నమ్మకండి. ఊరికి వెళ్లాక గొలుసు ఒక్కటే మార్పించకండి. ముందు వెనకల పళ్లచక్రాలు చూడండి, ఎలా కొక్కేలు తిరిగాయో. వాటి మీద కొత్త గొలుసు వేస్తే అదీ ఆరు నెలల్లో పోతుంది” అన్నాడు. ఎంతివ్వమంటారని అడిగితే టీ తాగించమన్నాడు.

ఆ ఏడు శ్రావణంలో కొత్త బండి కొనాలనుకున్నప్పుడు ఎక్కడికి వెళ్లాలన్న చర్చే మా ఇంట్లో రాలేదు.

అమ్మకాల బల్ల దగ్గర కుర్రవాడు ఒక తెల్ల కాగితం మీద గీతలు గీసి, బండి ధర, జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను ఫీజు, బీమా, ఒక్కొక్కటీ విడివిడిగా రాశాడు. నేను పాత దెబ్బ గుర్తుకు వచ్చి, “హ్యాండ్లింగ్ చార్జీలు ఎక్కడ రాశారు?” అని అడిగాను. “అవి లేవండి, అందుకే రాయలేదు” అన్నాడు. బీమా మా దగ్గరే తీసుకోవాలని లేదు, బయట తక్కువకు వస్తే తెచ్చుకోమని కూడా అన్నాడు. తరువాత పాలసీ కాగితం మీద రెండు తేదీల కింద గీతలు గీశాడు. “ఎదుటివారికి జరిగే నష్టానికి అయిదేళ్లండి. మీ బండికి జరిగే నష్టానికి ఒక్క ఏడాదే. చాలామంది అంతా అయిదేళ్లే అనుకుంటారు.” 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయిందని విన్నాను గానీ, నేనూ ఆ చాలామందిలో ఒకడినే.

ఒడ్డు మారితే నంబరు కూడా మారుతుందేమోనని మా నాన్నకు బెంగ. ఒకప్పుడు మా తూర్పు వైపు బండ్లకు ఏపీ 05, పశ్చిమ వైపు బండ్లకు ఏపీ 37 ఉండేవి. నంబరు చూసి మనిషి ఏ ఒడ్డువాడో చెప్పేవారు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది. మరో మార్పు మాత్రం నాకు నిజంగానే బెంగ పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి పొగ కాలుష్యానికి బీఎస్ 6 అనే కొత్త ప్రమాణం వచ్చి, కార్బురేటర్లు పోయి, సెన్సర్ల లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండ్లు వచ్చాయి. సెన్సర్లు ఏం చెబుతున్నాయో చూడాలంటే దానికి తగిన పరికరం తగిలించాలి. వేపచెట్టు కింద మెకానిక్కు చెవి ఆనించి విని, స్క్రూ తిప్పి సరిచేసే రోజులు కావివి. షోరూమువాళ్లు మంచివాళ్లు కాకపోతే వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

బండి ఇచ్చిన రోజు దండా లేదు, శాలువా లేదు. గొలుసు కట్టిన మెకానిక్కే వచ్చి అరగంట నిలబెట్టి, గొలుసు ఎంత వదులు ఉండాలో, ఉప్పు నేల మీద తిరిగిన రోజు మంచినీళ్లతో ఎక్కడెక్కడ కడగాలో చూపించాడు. సర్వీసింగు వివరాలు రాసే జాబ్ కార్డు మూల తన ఫోను నంబరు రాశాడు. నేను అటు నుంచి అటే అంతర్వేది వెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాను.

2022 జూలైలో వరద వచ్చింది. ఎప్పుడూ శ్రావణంలో, భాద్రపదంలో భయపెట్టే గోదావరి ఆ ఏడు ఆషాఢంలోనే పొంగింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వీధివాళ్లం గేదెలతో సహా ఏటిగట్టు మీదకు చేరాం. బండిని అరుగు మీద ఎక్కించి, ఇంతవరకు రాదులే అనుకుని, చెరువు దగ్గర మోటార్లు విప్పడానికి వెళ్లాను. మర్నాడు నావ మీద ఇంటికి వచ్చి చూస్తే సీటు అంచు మాత్రమే కనిపిస్తోంది.

చేతికి వచ్చిన మొదటి ఆలోచన బండిని బయటకు లాగి స్టార్టు చేసి చూడడం. రెండో ఆలోచన జాబ్ కార్డు మూల ఉన్న నంబరు. అదృష్టం కొద్దీ దాన్ని ఫోనులో ఎక్కించుకుని ఉన్నాను.

“తాళం పెట్టకండి. స్విచ్చు నొక్కకండి. కిక్కు కొట్టకండి” అన్నాడాయన, నా మాట పూర్తి కాకుండానే. “నీళ్లలో ఉండగానే ఫొటోలు తీయండి, నంబరు ప్లేటు కనబడేలా. నీళ్లు తీశాక బ్యాటరీ తీగ ఊడదీయండి. బీమావాళ్లకు ఈ రోజే ఫోను చేసి చెప్పండి.”

“స్టార్టు చేస్తే ఏమవుతుంది?”

“సిలిండరులో గాలి ఉంటే పిస్టను నొక్కితే నొక్కుకుంటుందండి. నీళ్లు నొక్కుకోవు. పిస్టను ఆగిపోతుంది, కింద కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పుడు ఇంజిన్ మొత్తం విప్పాలి. పైగా, వరద నష్టం వేరు, మీరు తిప్పి చేసుకున్న నష్టం వేరు అని బీమావాళ్లు అంటారు.”

ఆయన అన్నట్టే మా పెదనాన్న కొడుక్కి జరిగింది. రోడ్డు మీద మోకాలి లోతు నీటిలో నడిపాడు, ఆగిపోయింది, ఆగినా వదలక స్విచ్చు నొక్కుతూనే ఉన్నాడు. రాడ్డు వంగింది. బీమా సంస్థతో అతని ఉత్తరాలు దసరా దాకా నడిచాయి.

నీళ్లు తీయడానికి రోజులు పట్టింది. పంటు ఆగిపోయి ఉంది కాబట్టి ట్రాలీ ఆటోలో ఎక్కించి, రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటించి, పాలకొల్లు చుట్టూ తిరిగి తీసుకెళ్లాను. షోరూము ముందు అప్పటికే ఒండ్రు కొట్టుకున్న బండ్లు వరసగా ఉన్నాయి. ఒక్కో బండికీ చీటీ కట్టి, వచ్చిన వరసలోనే పని చేస్తున్నారు. తెలిసినవాళ్లం కదా, ముందు చూడమని నేను నసిగాను. “అందరూ తెలిసినవాళ్లేనండి” అని మెకానిక్కు నవ్వి ఊరుకున్నాడు. అప్పుడు కొంచెం కోపం వచ్చిన మాట నిజం.

నా వంతు వచ్చిన రోజు దగ్గరుండి చూశాను. స్పార్క్ ప్లగ్గు విప్పి చక్రాన్ని చేత్తో తిప్పితే ఆ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మాయి. ఆయిలు దించితే పాల టీ రంగులో కారింది. కొత్త ఆయిలు పోసి కాసేపు నడిపి మళ్లీ దించారు. రెండోసారి కూడా కాస్త తెలుపు తగిలితే మూడోసారి పోశారు. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో గుప్పెడు ఒండ్రు. ట్యాంకు కడిగారు, బ్రేకు డ్రమ్ములు విప్పారు, వైరింగు కలిసే చోట్లన్నీ గాలి కొట్టి ఆరబెట్టారు. మార్చిన పాత సామాన్లన్నీ ఒక సంచిలో వేసి నా చేతికిచ్చారు. కాటుక గుడ్డ గుర్తుకు వచ్చింది.

నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు వచ్చి చూసే దాకా బండిని విప్పకుండా ఆపింది కూడా వాళ్లే. ముందే విప్పి ఉంటే చూపించడానికి ఏమీ మిగిలేది కాదు. నా బండి నష్టానికి బీమా గడువు ఇంకో నెలలో తీరబోతోంది. ఆ రెండో తేదీ కింద గీసిన గీత చూసుకుని ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. అయితే అంతా రాదని కూడా ముందే చెప్పారు. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ వంటివాటికి సగమే లెక్క కడతారు. మొత్తం బిల్లులో దాదాపు మూడో వంతు నా చేతి నుంచి పడింది. చెప్పినదానికి అటూ ఇటూ కాకపోవడంతో కష్టం అనిపించలేదు.

వాళ్లు తప్పు చేయరని కాదు. మరుసటి ఏడు ఒక సర్వీసింగు అయ్యాక పంటు మీద ఉండగా ఫోను వచ్చింది. “దిగాక బండి ఎక్కకండి, రేవులోనే ఉండండి. వెనక ఇరుసు పిన్ను ఒకటి ట్రేలో మిగిలిపోయిందండి. కొత్త కుర్రాడు మరిచిపోయాడు.” తరువాతి పంటులో ఆ కుర్రాడే స్పానరు పట్టుకుని వచ్చాడు, ముఖం ఎత్తలేక. రేవులోనే పిన్ను పెట్టి, నట్టు బిగించి, రెండుసార్లు ఊపి చూసి వెళ్లాడు. వాళ్లు ఫోను చేయకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మా ఆవిడ ఈ కథ విని ఇక ఆ షోరూము మానేయమంది. నాకు సరిగ్గా అక్కడే నమ్మకం కుదిరింది. ఈ విషయంలో మాకు ఇప్పటికీ రాజీ లేదు.

2025 వినాయక చవితికి మా మేనల్లుడు బండి కొనాలని పట్టుబట్టాడు. నరసాపురమే తీసుకెళ్లాను. మేనేజరు వివరాలన్నీ చెప్పి, “పన్ను తగ్గుతుందని పత్రికల్లో వస్తోందండి. తొందర లేకపోతే దసరా దాకా ఆగండి” అన్నాడు. బయటకు రాగానే మావాడు, “ఇదేమిటి మావయ్యా, అమ్మనంటున్నాడు?” అని గొణిగాడు. సెప్టెంబరు మొదట్లో జీఎస్టీ మండలి నిర్ణయం వచ్చింది. 350 సీసీ వరకు మోటారు సైకిళ్లకు 28 శాతం ఉన్న పన్ను సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అయింది. షోరూము ధర లక్ష రూపాయలున్న బండి మీద దాదాపు 7,800 తగ్గినట్టు. నవరాత్రుల్లో కొన్నాడు. హెల్మెట్‌కు డబ్బు అడగలేదని వాడికి ఆశ్చర్యం. నాకు లేదు.

మొన్న వాడి మొదటి సర్వీసింగుకు ఇద్దరం రెండు బండ్లతో పంటు ఎక్కాం. వాడి పని జరుగుతుంటే, వచ్చాం కదా, నా బండికి గొలుసు సెట్టు మార్చేయమని చెప్పాను. మెకానిక్కు వంగి, గొలుసును రెండు వేళ్లతో ఎత్తి వదిలి, పళ్లచక్రం చుట్టూ బొటనవేలు తిప్పాడు.

“ఆయ్, ఇప్పుడే వద్దండి. ఇంకో రెండు వేల కిలోమీటర్లు వస్తుంది. సంక్రాంతి దాటాక రండి” అని కిలోమీటర్లు చూసి కార్డు మీద రాసుకున్నాడు.