హ్యాపీ వ్యాలీలో గెలిచిన బుధవారం

హాంకాంగ్ ద్వీపంలో ఉద్యోగం చేసేవారికి వారంలో బుధవారం ఒక ప్రత్యేకమైన రోజు. సెప్టెంబరులో మొదలై జూలైలో ముగిసే రేసుల కాలంలో దాదాపు ప్రతి బుధవారం రాత్రీ హ్యాపీ వ్యాలీ మైదానంలో గుర్రప్పందేలు జరుగుతాయి. చుట్టూ ముప్పై నలభై అంతస్తుల నివాస భవనాలు నిలబడి ఉండగా, వాటి నడుమ ఫ్లడ్‌లైట్ల వెలుగులో మెరిసే ఆ పచ్చగడ్డి బాటను మొదటిసారి చూసినవారు, ఇంత ఖరీదైన నేలను గుర్రాల కోసం ఎలా వదిలిపెట్టారా అని ఆశ్చర్యపోతారు. చిత్తడి నేలను ఎండగట్టి అక్కడ తొలి పందేలు నడిపినది 1846లో. రాత్రి రేసులు మొదలైనది 1973లో. ప్రవేశ రుసుము 10 హాంకాంగ్ డాలర్లు. ఈ నగరంలో అంత తక్కువ ధరకు దొరికే సాయంకాలపు వినోదం మరొకటి నాకు కనిపించలేదు, లోపలికి వెళ్లాక అయ్యే ఖర్చు మాత్రం వేరే సంగతి.

తెలుగు వారికి ఈ ప్రాంతం మరో కారణం చేత కూడా పరిచయమే. రేసుకోర్సును ఆనుకుని సాగే వాంగ్ నై చుంగ్ రోడ్డు మీదనే హిందూ మందిరం ఉంది. ముస్లిం, కాథలిక్, పార్శీ శ్మశానాలు కూడా మైదానానికి ఎదురుగా, కొండవాలు మీద వరుసగా ఉన్నాయి. పండుగ పూట కుటుంబంతో మందిరానికి వచ్చినప్పుడు దిగిన దారినే బుధవారం రాత్రి ఒంటరిగా దిగడం మొదట్లో నాకు కొంత బిడియంగా ఉండేది. ఎదురుపడిన తెలుగువారు కూడా పలకరింపు ముగించి, ఎక్కడికని అడగకుండానే ముందుకు సాగిపోయేవారు.

నేను పందేలకు అలవాటుపడిన వాణ్ణి కాను. హైదరాబాదులో మా ఇల్లు మలక్‌పేట రేసుకోర్సుకు దగ్గరే అయినా, ఆ ప్రహరీగోడ అవతలికి నేనెన్నడూ వెళ్లలేదు. ఆరో నిజాం మౌలాలీ నుంచి రేసులను మలక్‌పేటకు తరలించాడని పెద్దలు చెప్పగా వినడం, రేసులున్న రోజున బస్సులో నిలబడడానికి చోటు దొరకకపోవడం, వీధి చివర ఒకాయన రేసుల్లో ఇల్లు పోగొట్టుకున్నాడని అందరూ గొంతు తగ్గించి చెప్పుకోవడం, ఇంతే నాకున్న పరిచయం. హాంకాంగ్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ పని చేసే బృందంలో చేరిన తరువాత మాత్రం రేసుల నుంచి తప్పించుకోవడం సాధ్యం కాలేదు. మా అంతస్తులో బుధవారం మధ్యాహ్న భోజన సమయంలో అందరి చేతుల్లోనూ పత్రికల రేసుల పుటలే కనిపించేవి. కాంటనీస్ రాని నాకు మిగిలిన రోజుల్లో వారి సంభాషణలో చోటు ఉండేది కాదు. అందులో ఎవరి తప్పూ లేదు, నవ్వుతూ మాట్లాడుకుంటున్న నలుగురిని ప్రతిసారీ ఆపి ఇంగ్లీషులో చెప్పమనడం ఎంత మర్యాదస్థుడికైనా ఇబ్బందే. గుర్రం సంఖ్యకు, అది బయలుదేరే గేటు సంఖ్యకు, జాకీ పేరుకు మాత్రం భాషతో పని లేదు. పుట మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, ఎదుటివారు తల ఊపుతారో పెదవి విరుస్తారో చూసుకోవచ్చు. నేను రేసులు నేర్చుకున్నది డబ్బు కోసం కాదని చెబితే నమ్మేవారు తక్కువే కానీ, మొదట్లో అది నిజం.

ఈ నగర జీవితంలో రేసుల స్థానం ఎటువంటిదో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1997లో హాంకాంగ్ చైనా పాలనలోకి వచ్చిన తరువాత ఇక్కడి జీవన విధానం మారదని భరోసా ఇవ్వదలచుకున్న చైనా నాయకుడు డెంగ్ జియావోపింగ్, గుర్రాలు యథాప్రకారం పరుగెడతాయని, నాట్యాలు యథాప్రకారం సాగుతాయని అన్నాడు. రాజ్యాంగపరమైన హామీలు ఎన్ని ఉన్నా జనం గుర్తుపెట్టుకున్నది ఈ మాటనే. మా బృందంలోని పెద్దాయన దీన్ని ఏదో ఒక సందర్భంలో చెప్పకుండా ఉండేవాడు కాదు.

ఇక్కడి పందెం పద్ధతి తెలియకపోతే నా గెలుపు కథ సగమే అర్థమవుతుంది. మలక్‌పేటలో సొంతంగా పందేలు స్వీకరించే బుకీలూ ఉంటారు, అందరి డబ్బునూ ఒకచోట పోసి గెలిచినవారికి పంచే టోటూ ఉంటుంది. హాంకాంగ్‌లో చట్టబద్ధమైన బుకీలు లేరు. 1884లో ఏర్పడిన జాకీ క్లబ్ ఒక్కటే పందేలు స్వీకరిస్తుంది. ఒక రేసులో 'విన్' మీద, అంటే ఫలానా గుర్రం మొదటి స్థానంలో వస్తుందని, కాసిన డబ్బంతా ఒకే కుప్పగా పోస్తారు. అందులో నుంచి 17.5 శాతం ముందుగా తీసివేసి, మిగిలిన 82.5 శాతాన్ని గెలిచిన గుర్రం మీద కాసినవారికి వారి వారి వాటాల ప్రకారం పంచుతారు. తీసివేసిన భాగంలో అధిక భాగం, 2006 నాటి సవరణ తరువాత కనీసం 72.5 శాతం, పందెం సుంకంగా ప్రభుత్వానికి చేరుతుంది. మిగిలిన దానితో క్లబ్ నడుస్తుంది, ధర్మకార్యాలకు విరాళాలు ఇస్తుంది. నగరంలో అత్యధికంగా పన్ను చెల్లించే సంస్థ ఈ క్లబ్బే. ఓడిన డబ్బు ఆసుపత్రికో బడికో పోతుంది కదా అని ఇక్కడివారు తరచుగా అంటారు. ఓడినవారిని ఓదార్చడానికి ఆ మాట పనికివస్తుంది కానీ, బడికి చందా ఇవ్వదలచినవాడు నేరుగా ఇవ్వవచ్చు కదా అన్నది నా అభిప్రాయం.

ఈ పద్ధతిలో గెలిచినవాడికి వచ్చే డబ్బు క్లబ్బుది కాదు, పక్కన నిలబడి ఓడినవాడిది. అందువల్ల గెలుస్తుందని అందరూ నమ్మే గుర్రం గెలిచినా పెద్దగా వచ్చేదేమీ ఉండదు. ఇక్కడి పేరుమోసిన జాకీ జాక్ పర్టన్ ఎక్కిన గుర్రమంటే జనం కళ్లు మూసుకుని డబ్బు పోస్తారు, దాంతో డివిడెండ్, అంటే గెలిచిన టికెట్టుకు చెల్లించే మొత్తం, పడిపోతుంది. ఏ గుర్రం గెలుస్తుందో ఊహించడంతో పని తీరదు. ఏ గుర్రానికి ఉన్న అవకాశాన్ని జనం తక్కువగా అంచనా వేశారో కనిపెట్టాలి. పైగా క్లబ్ ఏ సమాచారాన్నీ దాచదు. ప్రతి గుర్రం పూర్వపు పరుగులు, ఉదయపు సాధన వివరాలు, శరీర బరువు, పశువైద్యుల నివేదికలు కూడా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంటాయి. అందరికీ తెలిసిన సంగతితో అందరినీ మించి గెలవడం ఎలా అన్న చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ రోజు పని త్వరగా ముగిసింది. ట్రాములో నాతో పాటు భీమవరం ప్రాంతం నుంచి వచ్చిన ఒక మిత్రుడు ఉన్నాడు. సంక్రాంతి కోడిపందేల మధ్య పెరిగిన అతనికి ఈ లెక్కల వ్యవహారం బొత్తిగా నచ్చదు. "కోడి ముఖం చూస్తే తెలిసిపోతుంది బావా, కాగితాలు దేనికి?" అంటూ అతను నేరుగా గుర్రాలను నడిపించి చూపించే చోటికి పోయాడు. నేను ఐదువందల డాలర్లు వేరుగా జేబులో పెట్టుకున్నాను, అవి అయిపోతే ఇంటికి వెళ్లిపోవడం నాకు నేను పెట్టుకున్న నియమం. తొలి రేసుల్లో చిన్న చిన్న మొత్తాలు పోయాయి. వాటిని గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు.

తరువాత 1,200 మీటర్ల రేసు వచ్చింది, నాలుగో తరగతి గుర్రాలది, బరిలో పన్నెండు ఉన్నాయి. హ్యాపీ వ్యాలీ బాట ఇరుకైనది, మలుపులు బిగుతుగా ఉంటాయి, చివరి తిన్నని భాగం మూడువందల మీటర్లకు కొంచెం పైన మాత్రమే. అందువల్ల పొట్టి రేసుల్లో లోపలి గేటు దొరికిన గుర్రానికి మేలు. బయటి గేటు నుంచి వచ్చినది మలుపంతా ఎక్కువ దూరం తిరగవలసి వస్తుంది. నేను ఎన్నుకున్న గుర్రం కిందటి పరుగులో పదకొండో గేటు నుంచి బయలుదేరి, దారి పొడుగునా బయటి వరుసలోనే పరుగెత్తి కూడా ఐదో స్థానంలో వచ్చింది. పట్టికలో కనిపించేది ఆ ఐదో స్థానం మాత్రమే. ఎంత చుట్టు తిరిగి వచ్చిందో వీడియో చూసినవారికే తెలుస్తుంది. ఈసారి దానికి రెండో గేటు దొరికింది. పైగా దాని మీద శిక్షణలో ఉన్న కుర్ర జాకీ ఎక్కుతున్నాడు కనుక, అటువంటివారికి ఇచ్చే రాయితీ ప్రకారం మోయవలసిన బరువులో ఏడు పౌన్లు తగ్గింది. అనుభవం లేని జాకీ అని జనం వెనుకాడినట్టున్నారు, గెలిస్తే కాసినదానికి ఎన్ని రెట్లు వస్తుందో చూపే బోర్డు మీద దాని అంకె పదిహేను దగ్గర ఊగుతూ ఉండిపోయింది. నేను వంద డాలర్లు విన్ మీద కాశాను. నా వరకు అది పెద్ద మొత్తమే.

గేట్లు తెరుచుకున్న వెంటనే ఆ కుర్రవాడు గుర్రాన్ని కంచె పక్కకు తెచ్చి ముందు నిలబెట్టాడు. ఇంచుమించు డెబ్బై సెకన్లలో ముగిసిపోయే పరుగు అది. చివరి మలుపు తిరిగేసరికి వెనుక నుంచి ఫేవరెట్, అంటే జనం అందరికన్నా ఎక్కువగా కాసిన గుర్రం, దూసుకు రావడం, వేల గొంతులు ఒక్కసారిగా దాని సంఖ్యను అరవడం మొదలైంది. ఆ అరుపుల్లో నా గుర్రం కోసం అరిచేవారు నా చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను కూడా అరవలేదు, గొంతు పెగలలేదు. ఫేవరెట్ పక్కదాకా వచ్చింది కానీ దాటలేకపోయింది. పది డాలర్లకు 148 డాలర్ల చొప్పున డివిడెండ్ ప్రకటించారు, నా వందకు 1,480 వచ్చాయి. పక్కన నిలబడి ఉన్న ముసలాయన నా టికెట్ వంక చూసి, చినిగిన తన టికెట్‌ను నేల మీద వదిలి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. నాకు వచ్చిన డబ్బులో ఆయనది కూడా ఎంతో కొంత ఉందన్న సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలిసి ఉంటుంది.

అక్కడితో ఆగిపోయి ఉంటే నా తెలివి గురించి నాకు ఏ అనుమానమూ కలిగేది కాదు. అయితే, రెండు రేసుల తరువాత ఏమీ చదవకుండానే, మా అమ్మాయి పుట్టినరోజు అంకెలని మూడు, ఎనిమిది సంఖ్యల గుర్రాల మీద ఇరవై డాలర్ల క్వినెల్లా కాశాను. మొదటి రెండు స్థానాల్లో ఆ రెండూ ఏ వరుసలో వచ్చినా చాలు. వచ్చాయి. పది డాలర్లకు 386 చొప్పున 772 డాలర్లు చేతిలో పడ్డాయి. రెండు గెలుపుల డబ్బునూ ఒకే కిటికీ దగ్గర, ఒకే ఉద్యోగిని, ఒకే విధమైన నిర్లిప్తతతో లెక్కపెట్టి ఇచ్చింది. గంటల తరబడి వీడియోలు చూసి సంపాదించినది ఇదీ, అంకెలు కలిసివచ్చి దొరికినది ఇదీ అని ఆ నోట్ల మీద రాసి లేదు. ఆ రాత్రి మొత్తం మీద నేను కాసినది 460 డాలర్లు, తిరిగి వచ్చినది 2,252. మిగిలిన 1,792 డాలర్లు మన రూపాయల్లో సుమారు 19 వేలు. ఇక్కడ గెలిచినవాడి మీద పన్ను లేదు కనుక అంతా నాదే. మన దేశంలో అయితే రేసుల గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, దానికి తోడు 2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం కాసిన పూర్తి మొత్తం మీద 28 శాతం (2025 సెప్టెంబరు నుంచి 40 శాతం) జీఎస్టీ కట్టవలసి వచ్చేది.

తిరుగు ప్రయాణంలో మిత్రుడితో వాదన జరిగింది. అతను ఆ రాత్రి గుర్రాల ముఖాలు చూసి కాసి దాదాపు అంతా పోగొట్టుకున్నాడు, అయినా హుషారుగానే ఉన్నాడు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో మన సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తీర్పు చెప్పింది కదా అని నేనన్నాను. "మరి ఆ మూడూ ఎనిమిదీ ఏ నైపుణ్యం బావా?" అని అతను అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. బిల్ బెంటర్ అనే అమెరికన్ 1980లలో ఈ నగరానికి వచ్చి కంప్యూటరుతో ఈ రేసులను అంచనా కట్టి అపారంగా సంపాదించిన మాట నిజం. కానీ అతను తన లెక్కలనొక్కటే నమ్ముకోలేదు, జనం డబ్బు ఏ గుర్రం మీద ఎంత పడిందో దానిని కూడా తన లెక్కలో కలుపుకున్నాడు. జనమంతా కలిసి వేసిన అంచనాలో తనకు తెలియని సంగతులు ఉంటాయని ఒప్పుకున్నాడన్నమాట. రాత్రి పదకొండు గంటలకు ట్రాము మేడ మీద కూర్చున్న నాకు అంతటి వినయం లేదు. వంద డాలర్ల పందెం నా ప్రతిభ, ఇరవై డాలర్ల పందెం మా అమ్మాయి అదృష్టం అని అప్పటికే తీర్మానించుకున్నాను.

మరునాడు ఆఫీసులో ఆచారం ప్రకారం గెలిచినవాడు తినిపించాలి. అంతస్తు మొత్తానికి ఎగ్ టార్ట్‌లు, పాలు కలిపిన టీ తెప్పించాను. రెండో గేటు సంగతి, ఏడు పౌన్ల సంగతి అందరికీ వివరించాను. పుట్టినరోజు సంగతి ఎవరూ అడగలేదు. పెద్దాయన మాత్రం కిందటి పరుగు వీడియో తెరిపించి, ఆ గుర్రం బయటి వరుసలో వచ్చిన చోట ఆపించి, కాంటనీస్‌లో ఏదో అని మిగిలినవారిని దగ్గరకు పిలిచాడు. నా కుర్చీ చుట్టూ అంతమంది నిలబడడం అంతకు ముందెన్నడూ జరగలేదు. ఆ శనివారం ఫోనులో నాన్నగారికి కూడా చెప్పాను. ఎంత వచ్చిందని ఆయన అడగలేదు, ఎంత పెట్టావని అడిగారు. 460 అన్నాను. ఆయన దానిని రూపాయల్లోకి మార్చుకుని, ఆ నెల తమ కరెంటు బిల్లు కన్నా ఎక్కువేనని చెప్పి, ఫోను అమ్మకు ఇచ్చారు.

తరువాతి బుధవారం ఉదయానికే నా బల్ల మీద మూడు పత్రికల రేసుల పుటలు ఉన్నాయి. ఏ గుర్రమో గుర్తు పెట్టి ఇమ్మని వాటిని పెట్టినవారి అభ్యర్థన. మూడింటి మీదా మూడు వేర్వేరు గుర్రాలకు గుర్తు పెట్టి ఇచ్చాను.