రోబో మోకీలు ఆపరేషన్: మర చేసే పనెంత, మీరు చేయాల్సిందెంత

రోబోతో మోకీలు మార్పిడి అనగానే, డాక్టరు పక్కన నిలబడితే మరే కోసి, బిగించి, కుట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. చర్మం కోయడం, కండరాన్ని పక్కకు జరపడం, కొత్త కీలును సిమెంటుతో అతికించడం, కుట్లు వేయడం అన్నీ సర్జన్ చేతులతోనే జరుగుతాయి. ఎముకను ఎక్కడ, ఏ కోణంలో, ఎంత మందాన తీయాలో కొలిచి, ఆ కొలత దాటకుండా చూడటం వరకే చాలా రోబోల పని. గాటు కూడా మామూలు ఆపరేషన్‌లో పడేదే, సుమారు ఐదారు అంగుళాలు. చిన్న రంధ్రంతో అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రోబో అన్న ఒక్క పేరు కింద రకరకాల యంత్రాలున్నాయి. స్ట్రైకర్ వారి మాకోకు ముందుగా తుంటి, మోకాలు, చీలమండ సీటీ స్కాన్ తీయాలి. రంపం రోబో చేతికి బిగించి ఉంటుంది, సర్జన్ దాన్ని పట్టుకుని నడుపుతారు. గీసిన హద్దు దాటబోతే ఆ చెయ్యి బిగుసుకుపోతుంది. జిమ్మర్ బయోమెట్ వారి రోసా రంపం పట్టదు, రంపానికి దారి చూపే అచ్చును సరైన చోట కదలకుండా పట్టుకుంటుంది. స్మిత్ అండ్ నెఫ్యూ వారి కోరికి స్కాన్ అవసరం లేదు. చేతిలో ఇమిడే పరికరంతో ఎముకను అరగదీస్తారు. కొరియాలో తయారైన క్యూవిస్ అయితే సర్జన్ ప్లాన్ ఒప్పుకున్నాక తానే ఎముకను చెక్కుతుంది, సర్జన్ గమనిస్తూ అవసరమైతే ఆపుతారు. అందుకే "మీ దగ్గర రోబో ఉందా" అని అడిగితే సరిపోదు. ఏ యంత్రం, దానితో ఏ కంపెనీ కీలు పెడతారు, ఈ సర్జన్ దానిమీద ఇప్పటికి ఎన్ని చేశారు అని అడగండి. చాలా యంత్రాలు తమ కంపెనీ కీలుకే పనిచేస్తాయి కాబట్టి, యంత్రం ఎంచుకుంటే కీలు కూడా ఎంచుకున్నట్టే.

థియేటర్‌లో ముందుగా వెన్నుకు మత్తు ఇస్తారు, తొడ లోపలివైపు నరానికి నొప్పి తెలియకుండా మరో ఇంజెక్షన్ కూడా వేస్తారు. మోకాలు తెరిచాక తొడ ఎముకలో రెండు, కాలి ఎముకలో రెండు సన్నని పిన్నులు దించి, వాటికి కెమెరాకు కనిపించే గుర్తులు తగిలిస్తారు. తర్వాత మొనదేలిన కడ్డీతో ఎముక మీద పదుల కొద్దీ బిందువులను తాకుతూ పోతే, కంప్యూటర్ వాటిని స్కాన్ బొమ్మతో సరిపోలుస్తుంది, స్కాన్ లేని యంత్రమైతే ఆ బిందువులతోనే ఎముక బొమ్మ గీస్తుంది.

అసలు లాభం ఆ తర్వాతి అయిదు నిమిషాల్లో ఉంది. ఎముక ఇంకా కోయకముందే కాలును చాపి ఒకసారి, 90 డిగ్రీలు వంచి ఒకసారి, ఎముకల మధ్య లోపలివైపు, బయటివైపు సందు ఎన్ని మిల్లీమీటర్లుందో తెర మీద చూస్తారు. దొడ్డికాళ్లు ఉన్నవారిలో లోపలివైపు లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు, బిగుసుకుపోయి, బయటివి సాగి ఉంటాయి. కొత్త కీలును ఒక డిగ్రీ తిప్పితే, ఒక మిల్లీమీటరు జరిపితే ఆ సందు ఎలా మారుతుందో ముందే తెలుస్తుంది కాబట్టి, లిగమెంట్లను కోసి సరిచేసే అవసరం తగ్గుతుంది. పాత పద్ధతిలో తొడ ఎముక మూలుగలోకి దించే కడ్డీ కూడా చాలావరకు అక్కర్లేదు. ఇదంతా కలిసి మామూలు ఆపరేషన్ కన్నా 15 నుంచి 30 నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు.

పిన్నులు కదిలితే లెక్క మొత్తం తప్పుతుంది. అందుకే సర్జన్ మధ్యమధ్య ఒక గుర్తును తాకి సరిచూసుకుంటారు. తేడా వచ్చి సరిదిద్దడం కుదరకపోతే రోబోను పక్కన పెట్టి మామూలు పరికరాలతో పూర్తి చేస్తారు. అది వైఫల్యం కాదు, సరైన నిర్ణయం. ఇంటికొచ్చాక కాలి ఎముక మీద కనిపించే చిన్న అదనపు కుట్లు ఆ పిన్నులవే. కొన్ని వారాలు గడిచాక ఆ చోట నడుస్తుంటే కొత్తగా నొప్పి మొదలైతే ఎక్స్‌రే తీయించుకోండి. అరుదుగానైనా, పిన్ను రంధ్రం దగ్గర ఎముక విరుగుతుంది.

ఇంత చెప్పాక ఒక మాట దాచకూడదు. కీలు అనుకున్న కోణంలో కూర్చోవడంలో రోబో మెరుగు, ఇందులో అనుమానం లేదు. ఆ మెరుగు వల్ల పదేళ్ల తర్వాత నొప్పి తక్కువ, కీలు మన్నిక ఎక్కువ అని మాత్రం ఇంకా రుజువు కాలేదు. పాత తరం రోబోతో కొరియాలో చేసి 2020లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో పదేళ్లు దాటినా రెండు పద్ధతుల మధ్య తేడా కనిపించలేదు. అసలు మామూలు పద్ధతిలో పెట్టిన మోకీళ్లే 25 ఏళ్ల వరకు పదింట ఎనిమిది నిలుస్తున్నాయి. కాబట్టి రోబో కోసం అప్పు చేయనవసరం లేదు. అనుభవమున్న సర్జన్ మామూలుగా చేస్తానంటే వెనకాడకండి. ఇన్సూరెన్స్ ఉంటే, పాలసీలో రోబోటిక్ సర్జరీకి విడిగా పరిమితి ఉందేమో ముందే చూసుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో తెచ్చిన నిబంధనలు దీన్ని పూర్తిగా తీసేయకూడదన్నాయి, కానీ పరిమితి పెట్టే వీలిచ్చాయి.

ఆపరేషన్‌కు ముందు షుగర్, రక్తం శాతం, మూత్రంలో ఇన్ఫెక్షన్, పుచ్చిపళ్లు చూస్తారు. మనవాళ్లు పట్టించుకోనివి పాదాలు. మడమల పగుళ్లు, వేళ్ల సందుల్లో ఫంగస్, గోరుచుట్టు ఉంటే ముందు అవి మానాలి, సూక్ష్మజీవులు అక్కడినుంచి కూడా కీలుకు చేరగలవు. గత మూడు నెలల్లో మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే తప్పక చెప్పండి.

సాధారణంగా అదే రోజు సాయంత్రమో మర్నాడో వాకర్‌తో నిలబెట్టి నడిపిస్తారు. ఇక్కడినుంచి ఫలితం మీ చేతిలో ఉంది. అందరూ మోకాలు ఎంత వంగుతోందనే చూస్తారు. అంతకన్నా ముఖ్యం పూర్తిగా చాపగలగడం. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే కాలు కొద్దిగా వంగి అలాగే పట్టేస్తుంది, తర్వాత కుంటుతూ నడవాల్సి వస్తుంది. తువ్వాలు చుట్టగా చుట్టి మడమ కింద పెట్టి, మోకాలి వెనకభాగం మంచానికి ఆనేలా నొక్కండి. ఒక్కో విడత పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. వంగడం రెండు వారాలకు 90 డిగ్రీలు, ఆరు వారాలకు 110 దగ్గరికి వస్తే సరైన దారిలో ఉన్నట్టే. ఆరు వారాలైనా 90 దాటకపోతే ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోకండి. మత్తిచ్చి కాలు వంచే చికిత్స మొదటి మూడు నెలల్లోనే బాగా పనిచేస్తుంది.

మెట్లెక్కేటప్పుడు ముందు మంచికాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. ఐసు బట్టలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి, వేడి కాపడం వద్దు. గాయం మీద నూనె, పసుపు, ఆకుపసరు ఏదీ రాయకూడదు. మోకాలు వెచ్చగా, వాపుగా ఉండటం మూడు నుంచి ఆరు నెలల వరకు మామూలే, గాటుకు బయటివైపు చర్మం మొద్దుబారడం కూడా మామూలే. కింద బాసింపట్టు వేసుకోవడం, పీట మీద కూర్చోవడం, నేల మరుగుదొడ్డి మానుకోవడమే మేలు. కొందరికి మోకాలు అంతవరకు వంగినా, కొత్త కీలులోని ప్లాస్టిక్ పలక మీద పడే ఒత్తిడి విపరీతం. కమోడ్ లేని ఇల్లయితే ఆసుపత్రి నుంచి వచ్చేలోపే కమోడ్ కుర్చీ తెచ్చి పెట్టండి.

పిక్క గట్టిపడి వాస్తే, ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. కుట్ల నుంచి వారం తర్వాత కూడా నీరు కారుతుంటే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవద్దు. మాత్ర పడితే పరీక్షలో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు, దొరక్కపోతే ఏ మందు వాడాలో సర్జన్‌కు తెలియదు. ముందు ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లి కీలులోని నీటిని పరీక్షకు పంపించమనండి.