ఉన్న డెబియన్‌ను రెయిడ్-1 మీదికి మార్చడం: నా అనుభవం

ఒకే డిస్క్ మీద నడుస్తున్న డెబియన్ 12 (లినక్స్) సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయకుండా రెండు డిస్కుల రెయిడ్-1 మీదికి, అంటే ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉండే మిర్రర్ మీదికి, మార్చిన తీరు ఇది. మెషీన్ బూట్ అయ్యేది యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌తో, ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4. పాత డిస్క్ ఎస్‌డీఏ, కొత్తది ఎస్‌డీబీ, రెండూ 1 టీబీ. డేటా కాపీ చేయడం ఇందులో తేలికైన పని. చిక్కంతా బూట్ దగ్గరే.

పద్ధతి ఇదీ: కొత్త డిస్క్ ఒక్కదానితోనే సగం మిర్రర్ కట్టాలి, సిస్టమ్‌ను అందులోకి ఎక్కించాలి, దాని మీద నుంచి బూట్ అవుతోందని తేలాకే పాత డిస్క్‌ను జతచేయాలి. అప్పటిదాకా పాతది అలాగే ఉంటుంది కాబట్టి ఎక్కడ తేడా వచ్చినా వెనక్కి రావచ్చు. అయినా బ్యాకప్ వేరేచోట తీసి పెట్టుకునే మొదలుపెట్టాను.

ఎస్‌డీబీ మీద జీపీటీ పార్టిషన్ టేబుల్ వేసి మూడు పార్టిషన్లు చేశాను: 512 ఎంబీ ఈఎస్‌పీ (ఫర్మ్‌వేర్ చదివే బూట్ ఫైళ్లుండేది), రూట్ (సిస్టమ్ ఉండేది), 8 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది). చివర 100 ఎంబీ ఖాళీ వదిలాను. రేపు మార్చే డిస్క్ కొన్ని సెక్టార్లు చిన్నదైతే అర్రేలోకి, అంటే రెయిడ్‌గా కలిపిన డిస్కుల జట్టులోకి, ఎక్కదు, ఆ ఖాళీ అందుకే. స్వాప్‌ను కూడా మిర్రర్ చేయాలి. లేకపోతే ఆ డిస్క్ పోయిన రోజు దాని స్వాప్‌లో పేజీలున్న ప్రోగ్రాములు కూలిపోతాయి, ఇక రెయిడ్ కట్టి లాభమేముంది?

రెయిడ్ కట్టే టూల్ ఎండీఏడీఎం. దాని క్రియేట్ కమాండ్‌లో లెవెల్ 1, డివైజ్‌లు 2 అని చెప్పి, పాత పార్టిషన్ పేరు రావాల్సిన చోట ‘మిస్సింగ్’ అని ఇస్తే సగం అర్రే తయారవుతుంది. అర్రే వివరాలు రాసే మెటాడేటా 1.2 రూపం బూట్‌కు పనికిరాకపోవచ్చని అది హెచ్చరిస్తుంది. డెబియన్ బూట్‌లోడర్ గ్రబ్ 2కు ఆ ఇబ్బంది లేదు, సరే అనేయొచ్చు. రూట్ అర్రే ఎండీ0 మీద కొత్తగా ఈఎక్స్‌టీ4, స్వాప్ అర్రే ఎండీ1 మీద స్వాప్ ఫార్మాట్ చేశాను. కొందరు డీడీ కమాండ్‌తో పాత పార్టిషన్‌ను ఉన్నదున్నట్టు దించేస్తారు. అలా చేస్తే రెండు ఫైల్‌సిస్టమ్‌లకూ ఒకే యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) వస్తుంది, బూట్‌లో ఏది మౌంట్ అవుతుందో దాని ఇష్టం.

ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌కు చిన్న ఏ, పెద్ద ఏ, పెద్ద హెచ్, పెద్ద ఎక్స్, చిన్న ఎక్స్ ఆప్షన్లన్నీ కావాలి. పెద్ద హెచ్ వదిలేస్తే హార్డ్‌లింకులు (ఒకే ఫైల్‌కున్న వేర్వేరు పేర్లు) విడిపోయి జాగా పెరుగుతుంది. చిన్న ఎక్స్ లేకపోతే ప్రాక్, సిస్ లాంటి కెర్నల్ ఫోల్డర్లలోకీ దూరుతుంది. మొదటిసారి సర్వర్ నడుస్తుండగానే కాపీ చేశాను. తర్వాత డేటాబేస్‌తో సహా సర్వీసులన్నీ ఆపి, డిలీట్ ఆప్షన్ కలిపి మళ్లీ నడిపాను. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్ల కాపీని నమ్మకూడదు.

ఇక అసలు పని. దేవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లను కొత్త రూట్‌లోనూ కనిపించేలా బైండ్ మౌంట్ చేసి, ఫర్మ్‌వేర్ సెట్టింగులుండే ఈఎఫ్‌ఐవార్స్‌ను కూడా అందించి, కొత్త రూట్‌లోకి క్రూట్ అయ్యాను, అంటే దాన్నే సిస్టమ్‌గా తీసుకుని అందులో పని మొదలుపెట్టాను. ఇక్కడ రెండు రకాల యూయూఐడీలు గందరగోళం చేస్తాయి. ఎండీఏడీఎం చూపేది అర్రేది, మధ్యలో కోలన్లుంటాయి. అది ఎండీఏడీఎం కాన్ఫ్ ఫైల్లోకి వెళ్తుంది. బీఎల్‌కేఐడీ చూపేది ఫైల్‌సిస్టమ్‌ది, హైఫన్లుంటాయి. అది ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్‌లోకి. కాన్ఫ్‌లో అర్రే వరుసలు చేర్చాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న సిస్టమ్‌ను) తిరిగి కట్టకపోతే అర్రే ఎండీ127 అనే పేరుతో లేవవచ్చు. ఎఫ్‌స్టాబ్‌లో ఎండీ0 అని రాసుకున్నవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ టూల్స్ కింద ఉండే రెజ్యూమ్ ఫైల్లో పాత స్వాప్ యూయూఐడీ మిగిలితే ప్రతి బూట్‌లోనూ లేని డివైజ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అదీ మార్చాలి.

ఈఎస్‌పీని మామూలుగా రెయిడ్‌లో పెట్టకపోవడమే మేలు, ఫర్మ్‌వేర్‌కు రెయిడ్ తెలియదు. డిస్కుకొకటి విడిగా ఉంచాను. ఎస్‌డీబీ ఈఎస్‌పీని బూట్ ఈఎఫ్‌ఐ మీద మౌంట్ చేసి గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్ నడిపాను. ఈఎస్‌పీలోని డెబియన్ ఫోల్డర్‌లో చిన్న గ్రబ్ కాన్ఫిగ్ ఒకటి ఉంటుంది, అసలు మెనూ ఏ ఫైల్‌సిస్టమ్‌లో ఉందో చెప్పేది అదే. పాత ఈఎస్‌పీని ఊరికే కాపీ చేసి ఊరుకుంటే అందులో పాత రూట్ యూయూఐడీయే ఉంటుంది. పాత డిస్క్ తగిలి ఉన్నంతకాలం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, దాన్ని చెరిపిన మరుక్షణం గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. బూట్ ఎంట్రీ విషయంలో ఇంకో మెలిక: బూట్‌లోడర్ ఐడీ మారిస్తే డెబియన్ సంతకం చేసిన గ్రబ్ తన కాన్ఫిగ్‌ను వెతుక్కోలేదు, మార్చకపోతే పాత ఎంట్రీ పోతుంది. అందుకే గ్రబ్ ఇన్‌స్టాల్‌ను ఎన్‌వీర్యామ్ (బూట్ ఎంట్రీలు దాచే ఫర్మ్‌వేర్ మెమరీ) ముట్టుకోవద్దనే ఆప్షన్‌తో నడిపి, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో వేరే పేరు పెట్టి ఎంట్రీ చేత్తో చేర్చాను.

పరీక్ష ఒక్కటే: మెషీన్ ఆపి, పాత డిస్క్ కేబుల్ పీకి బూట్ చేయడం. లేచింది. ఏది ఎక్కడ మౌంట్ అయిందో చూపే ఫైండ్‌ఎంఎన్‌టీలో రూట్ ఎండీ0 అని చూశాకే ముందుకు కదిలాను. పాతది జతచేసేముందు కొత్త డిస్క్‌కు స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్క్ తనంతట తాను చేసుకునే పూర్తి పరీక్ష) చేయించాలి. సింక్ మధ్యలో దానిలో చదవలేని సెక్టార్ బయటపడితే, అప్పటికే పాత కాపీ చెరిగిపోయి ఉంటుంది.

కేబుల్ తిరిగి పెట్టాక డిస్క్ పేర్లు తారుమారు కావచ్చు, సీరియల్ నంబరుతో సరిచూసుకోవాలి. తర్వాత ఎస్‌జీడిస్క్ కమాండ్ పెద్ద ఆర్ ఆప్షన్‌తో కొత్త డిస్క్ పార్టిషన్ టేబుల్‌ను పాతదాని మీదికి కాపీ చేశాను. ఈ ఆప్షన్ పక్కన వచ్చేది గమ్యం, చివర వచ్చేది మూలం. తిరగేస్తే మంచి డిస్క్ టేబుల్ పోతుంది. వెంటనే పెద్ద జీతో జీయూఐడీలు (డిస్క్, పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలు) మార్చి, పాత ఫైల్‌సిస్టమ్ గుర్తులను వైప్‌ఎఫ్‌ఎస్‌తో తుడిచి, యాడ్ కమాండ్‌తో రెండు అర్రేల్లోకీ చేర్చాను. సెకనుకు 150 ఎంబీ లెక్కన 1 టీబీకి రెండు గంటలకు కాస్త తక్కువ. సర్వర్ మీద పని ఎక్కువగా ఉంటే కెర్నల్ సింక్ వేగాన్ని బాగా తగ్గిస్తుంది. అర్రే స్థితి చూపే ఎండీస్టాట్‌లో లేని డిస్క్‌ను సూచించే గీత పోయి రెండు యూలు కనిపిస్తే ముగిసినట్టు.

జీయూఐడీ మారింది కాబట్టి ఎస్‌డీఏ పాత బూట్ ఎంట్రీ చచ్చిపోతుంది. ఈఎస్‌పీని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఎస్‌డీబీ నుంచి ఫైళ్లు కాపీ చేసి, ఎంట్రీ మళ్లీ చేర్చాలి. ఎఫ్‌స్టాబ్‌లో బూట్ ఈఎఫ్‌ఐ వరుసకు నోఫెయిల్ (దొరకకపోయినా బూట్ ఆపవద్దనే ఆప్షన్) తప్పనిసరి. లేకపోతే ఆ డిస్క్ పోయిన రోజు మిర్రర్ బాగానే ఉన్నా సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది. గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడల్లా రెండో ఈఎస్‌పీకి ఫైళ్లు మనమే కాపీ చేసుకోవాలి. చివరగా డిస్క్ పోతే కబురు రావడానికి ఎండీఏడీఎం కాన్ఫ్‌లో మెయిల్ అడ్రస్ రాసి, ఎండీఏడీఎం మానిటర్‌ను టెస్ట్, వన్‌షాట్ ఆప్షన్లతో నడిపితే ఒక్కో అర్రేకు ఒక్కో మెయిల్ రావాలి. నాకు రెండూ వచ్చాయి.